పై బెజ్జాల్లో మైనం

భోజనాలు కాగానే పిల్లని తీసుకుని బయల్దేరతానని ఆడపడుచు పొద్దున్నే తేల్చి చెప్పేసింది. చెప్పడమంటే అడగడం కాదు. ఆవిడ ఎవర్నీ అడిగే రకం కాదు. కారు డిక్కీ తీసి, తన సంచీ ఒక పక్కకి జరిపి, పిల్ల సామాన్లకి చోటు చేసుకుని మరీ వచ్చి చెప్పింది.

"కొన్నాళ్ళు నా దగ్గరుంటుంది. ఎన్నాళ్ళన్నది తర్వాత చూద్దాం" అంది.

ఆ 'తర్వాత' అన్న మాట చెవిన పడ్డప్పట్నుంచీ పళ్ళమ్మాయి చూపు వీధిలో ఉన్న ఆ కారు మీదే ఉంది.

వీధిలో అందరూ ఆమెని పళ్ళమ్మాయి అనే అంటారు. ముప్ఫై దాటి, ఒక బిడ్డ తల్లయినా ఆ పేరుకి మాత్రం వయసు రాలేదు. ఇంటి ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, పళ్ళ డాక్టర్ల దగ్గర్నుంచి వచ్చే అచ్చులు ముందు పెట్టుకుని, కట్టుడు పళ్ళసెట్లు తయారు చేస్తుంది. ఆ చుట్టుపక్కల ముసలివాళ్ళు నవ్వారంటే అందులో సగం ఈమె చేతి చలవే. ఇవాళ మాత్రం తన ఏడుపుని తనే పంటి బిగువున ఆపుకుంటోంది.

హాల్లో మేనత్త ఒళ్ళో ఉడుత కూర్చుని ఉంది. పదో నెల పిల్ల. ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడ్డం మొదలుపెట్టిన రోజు నుంచీ ఇంట్లో అందరికీ ఉడుతే. ఎడమ చెయ్యి గుండెకి ఆనించి పట్టీ కట్టారు. మెడ కింద ఎముక చిట్లింది. కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. తలకేమీ కాలేదని, లేత ఎముక కాబట్టి తొందరగానే అతుక్కుంటుందని ఆసుపత్రిలో చెప్పారు. పిల్ల ఉన్న ఒక్క చేత్తో మేనత్త కళ్ళజోడు లాగుతూ కిలకిలా నవ్వుతోంది. తన మీద ఇంత పంచాయితీ నడుస్తోందని దానికేం తెలుసు పాపం.

ఆడపడుచుది బీమా కంపెనీలో ఉద్యోగం. ఎక్కడ లారీ బోల్తా పడినా, ఎక్కడ గోదాము తగలబడినా వెళ్ళి, చుట్టూ తిరిగి చూసి, తప్పెవరిదో తేల్చి రావడం ఆవిడ పని. ఇన్నేళ్ళుగా అదే పని చేసి చేసి, చుట్టపుచూపుగా వచ్చినా ఆ చూపు మారదు. నిన్న ఆసుపత్రి నుంచి పిల్లని తీసుకుని ఇంటికి రాగానే మంచినీళ్ళు కూడా తాగకుండా తిన్నగా ముందు గదిలోకి నడిచింది. పిల్ల పడిందన్న ప్లేపెన్, అదే కమ్మీల తొట్టి, చుట్టూ రెండుసార్లు తిరిగింది. కమ్మీలు ఊపి చూసింది. ఒక్కటీ కదల్లేదు. తమ్ముణ్ణి పిలిచి, పిల్లని నెమ్మదిగా లోపల నిలబెట్టి పట్టుకోమంది. పై కమ్మీ పిల్ల గడ్డం దాకా వచ్చింది.

"గడ్డం దాకా ఉన్న కమ్మీ మీంచి పిల్ల ఎలా పడింది?" అని అడిగింది మరదల్ని. గొంతు ఇసుమంతైనా పెంచలేదు. అదే భయం.

పళ్ళమ్మాయి తనకి తెలిసిందంతా చెప్పింది. ఆ రోజు పొద్దున్నే అచ్చులు తేవడానికి పళ్ళ డాక్టరు క్లినిక్‌కి వెళ్ళి వచ్చేసరికి పిల్ల అప్పటికే దాన్లో నిద్రపోతోందని, ఊపిరి చప్పుడు వినపడిందని, కమ్మీల చుట్టూ లోపల మెత్తటి దుప్పటి కట్టి ఉందని, అడుగుల చప్పుడుకి లేస్తుందేమోనని తొంగి కూడా చూడకుండా పిల్లిలా వచ్చి బల్ల దగ్గర కూర్చున్నానని చెప్పింది. అత్తగారు స్నానానికి వెళ్ళారు. తను దీపం వెలిగించి మైనం కరిగిస్తోంది. వెనకాల ధబ్బుమని చప్పుడు. తిరిగి చూస్తే పిల్ల నేల మీద ఉంది.

"నువ్వు వచ్చేసరికే దాన్లో ఉందా? మరి పడుకోబెట్టిందెవరు? అమ్మా?" అంది ఆడపడుచు. "అమ్మ ఆ బోనుని చిటికెన వేలితో కూడా ముట్టుకోదని నాకు ఫోన్లో ఎన్నిసార్లు చెప్పిందో నీకు తెలుసా?"

అత్తగారు అక్కడే ఉన్నారు. గోడకి ఆనుకుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క మాట అంటే తేలిపోయేది. అనలేదు. ఏడుపులో మాట రాలేదనుకుంది కోడలు. అనుకుని ఊరుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు. ఊరుకున్నవాళ్ళనే తప్పు వెతుక్కుంటూ వస్తుంది.

ఆడపడుచు తన లెక్క తను వేసుకుంది. బల్ల మీద దీపం, వేడి మైనం, కత్తులు పెట్టుకుని, పిల్ల ఏడుస్తోందని ఆ బల్ల మీదే కూర్చోబెట్టుకుని పని చేసి ఉంటావు, అక్కణ్ణుంచి పడింది, భయపడి ఈ కథ అల్లావు అని మొహం మీదే చెప్పింది. పిల్లని పడేసినందుకు కాదు, అబద్ధం ఆడినందుకు నాకు బాధ అంది. చెప్తూ కళ్ళు తుడుచుకుంది కూడా. పాపం, ఆవిడ ప్రేమలో కల్తీ లేదు. ఆసుపత్రి వరండాలో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆవిడే.

రాత్రంతా పళ్ళమ్మాయి కంటి మీద కునుకు లేదు. తెల్లారేసరికి తన మీద తనకే అనుమానం పుట్టింది. పిల్లని నేనే బయటికి తీశానా? బల్ల మీద కూర్చోబెట్టి మర్చిపోయానా? పదిమంది కలిసి నువ్వు చూడలేదంటే చూసిన కళ్ళు కూడా మనవి కావేమో అనిపిస్తుంది.

ఆ ప్లేపెన్ ఈ ఇంటికి వచ్చిందే మొగుడి వల్ల. అతను పిల్లల ఫర్నిచర్ షోరూంలో ఫిట్టరు. ఉయ్యాల మంచాలు, బట్టల బీరువాలు, బుల్లి కుర్చీలు, అన్నీ డచ్ డిజైన్లు. కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి పెట్టెలు విప్పి బిగించి రావడం అతని పని. ఒకసారి ఆ దేశం నుంచి డిజైనరమ్మ వచ్చి ఫిట్టర్లందరికీ పాఠం చెప్పింది. మా దేశంలో పిల్లలున్న ఇంట్లో ఇది మామూలే, పిల్లని బంధించడానికి కాదు, పెద్దవాళ్ళ నడుములు కాపాడ్డానికి అందిట. అందుకే దాని అడుగు పలక నేల మీద ఉండదు, ఎత్తుగా ఉంటుంది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు పలక పైన. కూర్చోవడం వస్తే ఒక మెట్టు కిందకి. నిలబడ్డం వస్తే ఇంకా కిందకి.

అప్పట్నుంచీ మన ఫిట్టరుగారు ఏ ఇంటికెళ్ళినా ఈ పాఠం చెప్పకుండా గడప దాటడు. "అమ్మా, పిల్ల నిలబడ్డ రోజే పలక దించెయ్యాలి. రేపు చూద్దాం అనుకోవద్దు" అంటాడు. అలా చెప్పడం కొన్నవాళ్ళకి ముచ్చటగా ఉండి, షోరూంకి ఫోన్ చేసి మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు.

షోరూంలో చూపుకి పెట్టినదాన్ని మార్చేస్తూంటే అడిగి ఇంటికి తెచ్చాడు. ముందు గదిలో మంటా మైనం ఉంటాయి కాబట్టి పళ్ళమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. అత్తగారు మాత్రం చూడగానే బోను అన్నారు. మనవరాల్ని జంతువులా కమ్మీల వెనకాల పెడతారా అన్నారు. ఆ రోజు నుంచీ ఆ గదిలోకి వచ్చినా దానివైపు చూడకుండా మొహం తిప్పుకుని వెళ్ళేవారు.

ఇప్పుడు ఆడపడుచు హాల్లోంచే కేకేసి, ఆ బోన్లో పిల్ల దుప్పటీ బొమ్మలూ ఉంటే తెచ్చి పెట్టమంది. తన పిల్ల సామాను తన చేత్తోనే సర్దివ్వాలి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కదా అనుకుంటూ పళ్ళమ్మాయి లేచింది.

దుప్పటి ముడులు విప్పింది. రబ్బరు బాతు మూలన ఇరుక్కుని ఉంది. దాన్ని తియ్యడానికి మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి తల పెట్టి చెయ్యి చాపింది. మూల కర్ర మొహానికి ఎదురుగా ఉంది.

కర్రకి లోపలివైపు మూడు బెజ్జాలుంటాయి, పైనొకటి, మధ్యనొకటి, కిందొకటి. పలక ఏ ఎత్తులో కావాలంటే ఆ బెజ్జాల్లో బోల్టులు బిగిస్తారు. వాడని బెజ్జాలకి మూతలుండాలి. షోరూంలో ఎన్నాళ్ళో పడి ఉన్న సరుకు గనక మూతలు పోయాయి. ఉడుత వాటిలో వేళ్ళు దూర్చేది. అందుకని, పిల్ల నిలబడ్డ రోజు మొగుడు పలకని అడుగుకంటా దించాక, పళ్ళమ్మాయి చిగుళ్ళకి వాడే గులాబీ మైనం కరిగించి, పైవీ మధ్యవీ అన్నీ నింపేసింది. చిన్న కత్తితో చిగురు చెక్కినట్టు నున్నగా చెక్కింది. డచ్చివాళ్ళకి కూడా రాని ఆలోచనే అని మొగుడు మెచ్చుకున్నాడు కూడా.

మధ్య బెజ్జంలో మైనం చెక్కుచెదరకుండా ఉంది. పై బెజ్జం బోసిగా ఉంది.

రెండో మూల చూసింది. మూడు, నాలుగు మూలలూ చూసింది. నాలుగు పై బెజ్జాలూ ఖాళీయే. ఒకదాంట్లో లోపలి గోడకి అంటుకున్న మైనం మీద మరచుట్టు గీతలు స్పష్టంగా ఉన్నాయి. బోల్టు తిరిగితే తప్ప మైనానికి ఆ గీతలు పడవు. ఆ సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. బతుకంతా మైనంతోనే.

అంటే తను మైనం నింపాక ఎవరో పలకని పైకి ఎత్తారు. మళ్ళీ దించారు. పై బెజ్జంలో పలక ఉంటే కమ్మీ పిల్ల నడుం దాకా కూడా రాదు. లేచి నిలబడి ముందుకి వంగిందంటే చాలు.

ఆమెకి మొదట వచ్చింది కోపం కాదు. నాకు పిచ్చెక్కలేదు, నేను చూసింది నిజమే అనుకుంది. ఆ తర్వాత గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ బోల్టులు విప్పే ఎల్ ఆకారపు పానా ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. అది మొగుడి తాళాల గుత్తికి ఉంటుంది. ఆ గుత్తి అతను స్నానానికి వెళ్ళినా కూడా పట్టుకెళ్తాడు.

అతను పెరట్లో కుళాయి దగ్గర పిల్ల పాలసీసాలు కడుగుతున్నాడు. ఎన్నడూ లేనిది. కడిగినవే మళ్ళీ కడుగుతున్నాడు.

"పై బెజ్జాల్లో మైనం ఏమైంది?" అని అడిగింది.

అతను కుళాయి కట్టలేదు. తిరిగి చూడలేదు.

"ఏవండీ, మిమ్మల్నే."

"ఏ మైనం?" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా అన్నాడు. ఆ రెండు మాటలకే ఆమెకి సగం అర్థమైపోయింది. కుళాయి తనే కట్టి, అతని ముందుకి వచ్చి నిలబడింది. మిగతా సగం అతని నోటితోనే వినాలనుకుంది.

చెప్పాడు. కాస్త చెప్పి ఆగి, కాస్త మింగి, చెప్పాడు. ఆ రోజు ఆమె క్లినిక్‌కి వెళ్ళాక, అతను పనికి బయల్దేరుతుంటే అమ్మ పిలిచింది. నడుం పట్టేసింది, పిల్లని అంత లోతుకి వంగి పడుకోబెట్టలేకపోతున్నాను, ఈ పూటకి పలక కాస్త పైకి పెట్టి పోరా అంది. అతను ఎత్తి బిగించాడు. సాయంత్రం రాగానే దించేద్దాం అనుకున్నాడు. అవతల కొన్నవాళ్ళు ఎదురు చూస్తున్నారని పరుగెత్తాడు. వాళ్ళింట్లో కూడా ప్లేపెనే బిగించాడు. పిల్ల నిలబడ్డ రోజే పలక దించాలని వాళ్ళకి మరీ మరీ చెప్పి వచ్చాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితిలో పడిందిట.

"అత్తయ్య దాన్ని ముట్టుకోరుగా. పడుకోబెట్టడమేమిటి?"

అతను తల దించుకున్నాడు. నువ్వు క్లినిక్‌కి వెళ్ళినప్పుడల్లా అమ్మ పిల్లని దాన్లోనే ఉంచుతోంది అన్నాడు. మొదట్లో ఒకరోజు ఒళ్ళు బాగాలేక పెట్టి చూసిందిట. పిల్ల చక్కగా ఆడుకుందిట. అప్పట్నుంచీ అదే అలవాటు. నువ్వు వచ్చే వేళకి తీసి చంకనేసుకునేది. అంతలా బోను బోను అని యాగీ చేశాక, ఇప్పుడు కోడలి ముందు నా మాటకి విలువేం ఉంటుందిరా, చెప్పకు అని కొడుకు దగ్గర మాట తీసుకుందిట. ఆ రోజు కోడలు అనుకున్నదాని కంటే ముందే వచ్చేసింది. చెప్పడానికి నామోషీ పడి ఆవిడ స్నానాల గదిలోకి వెళ్ళిపోయింది.

పళ్ళమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఈ గుట్టు ఆ అత్తగారు విప్పి ఉంటే, తను వెయ్యి దండాలు పెట్టి, రోజూ వాడుకోండి అత్తయ్యా అని ఉండేది. ఒక్క మాట. ఆ ఒక్క మాటకి మొహమాటపడి పిల్ల ఎముక విరగ్గొట్టుకున్నారు.

"సరే, ఎత్తారు. దించిందెప్పుడు?"

"పిల్లకి బట్టలు కావాలని ఆసుపత్రి నుంచి నన్ను పంపావు గదా. అప్పుడే అక్క ఫోన్ చేసింది, బయల్దేరానని. నాకేం తోచలేదు."

"తోచక దించేశారా?"

అతను సీసా మూత బిగించి, మళ్ళీ విప్పాడు.

"మీ అక్క నన్ను అబద్ధాలకోరంటే పక్కనే ఉన్నారు. పిల్లని లోపల నిలబెట్టి, ఇదిగో గడ్డం దాకా వచ్చిందని చూపించింది మీరు. మీ చేతులతో మీరు."

"కొన్నాళ్ళు ఓర్చుకో" అన్నాడు. "అక్క కోపం చల్లారనీ. నేనే వెళ్ళి తెస్తాను. ఇప్పుడు ఈ సంగతి బయటపడితే అమ్మ తట్టుకోలేదు."

"నేను తట్టుకుంటానని మీకెవరు చెప్పారు?"

అతను తడిచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. పళ్ళమ్మాయి అతన్ని ఇంకేమీ అడగలేదు. అడగడానికి ఆ మనిషిలో ఏమీ మిగల్లేదు అనిపించింది. మంచివాడే. ఎవర్నీ ఒక మాట అనడు, ఎవరి చేతా అనిపించుకోలేడు. ఇన్నాళ్ళూ ఆ గుణాన్నే చూసి మురిసిపోయింది.

హాల్లోకి వెళ్ళాలంటే అత్తగారి గది దాటాలి. ఆవిడ మంచం అంచున కూర్చుని ఉన్నారు. పొద్దుటి కాఫీ గ్లాసు అలాగే ఉంది, మీద మీగడ కట్టి.

"బయల్దేరుతోందా మా అమ్మాయి?" అన్నారు.

"ఇంకా లేదత్తయ్యా."

"పాప పాలు తాగిందా?"

పళ్ళమ్మాయి గడప మీద ఆగిపోయింది. అత్తాకోడళ్ళన్నాక ఒకరినొకరు అనుకోని మాటలుండవు. కానీ పిల్ల పుట్టిన కొత్తలో తను జ్వరంతో మంచం పట్టినప్పుడు, ఆ పసిగుడ్డుని గుండెల మీద వేసుకుని కుర్చీలో కూర్చునే నిద్రపోయిన మనిషి ఈవిడే. ఇప్పుడు నోరు విప్పితే ఈ ముసలి ప్రాణాన్ని కన్నకూతురి ముందు దోషిగా నిలబెట్టాలి. విప్పకపోతే పిల్ల వెళ్ళిపోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది బతుకు.

"తాగింది" అని చెప్పి, హాల్లోకి వెళ్ళింది.

వెళ్ళి చెప్పేసింది. మైనం సంగతి, బెజ్జాల సంగతి, పలక ఎత్తింది ఎవరో, ఎత్తమన్నది ఎవరో, దించింది ఎవరో, ఏమీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆమె చూపు పిల్ల మీదే ఉంది. ఆడపడుచు అంతా విని, పిల్లని చంకనేసుకుని ముందు గదిలోకి వెళ్ళి, వంగి, ఒక్కో బెజ్జంలో వేలు పెట్టి చూసింది. వేలికి అంటుకున్న గులాబీ మైనాన్ని నలిపి చూసింది. వచ్చి, "అమ్మా" అని పిలిచింది.

అత్తగారు వచ్చారు. వెనకాలే పెరటి గుమ్మంలో కొడుకు కూడా వచ్చి నిలబడ్డాడు.

"నువ్వేనా పడుకోబెట్టింది?"

"నేనే" అన్నారు ఆవిడ. "పలక ఎత్తమన్నదీ నేనే. పిల్ల లేచి నిలబడుతుందన్న సంగతి తెలిసీ ఎత్తమన్నాను. నిద్రపోతోంది గదా, నిమిషంలో వస్తాననుకున్నాను." కోడలి వైపు తిరిగారు. "నిన్న నిన్ను అన్నేసి మాటలంటుంటే చెప్పాలనే కూర్చున్నానమ్మాయ్. నోరు రాలేదు. మా అమ్మాయి మొహం చూస్తే నోరు రాలేదు."

పిల్ల మేనత్త మెళ్ళో గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

ఆడపడుచు మరదలి దగ్గరికి వచ్చింది. "నిన్ను అనుమానించాను. నాదే తప్పు. నీకు క్షమాపణ చెప్పుకోవాల్సినంత తప్పు" అంది. మనస్ఫూర్తిగానే అంది. పళ్ళమ్మాయికి ఒక్కసారి గుండెల మీంచి బండ దింపినట్టయింది. అయిపోయింది, పిల్లని ఇచ్చేస్తుంది అనుకుని రెండడుగులు ముందుకి వేసింది.

ఆడపడుచు పిల్లని ఇటు మార్చుకుని అటు భుజాన వేసుకుంది.

"కానీ ఇప్పుడు అసలు వదిలి వెళ్ళలేను. నువ్వే చెప్పు. ఒకరికి నడుం వంగదు. ఒకరికి పనిలోంచి తల ఎత్తే తీరిక లేదు. ఒకడికి నోరు పెగలదు. ఈ ఇంట్లో ఈ పిల్లని ఎవరి చేతిలో పెట్టి వెళ్ళను? నిన్నటిదాకా ఒక్క మనిషి తప్పే అనుకున్నాను. ముగ్గురిదీ అని ఇప్పుడు తెలిసింది."

నిజం చెప్తే పిల్ల దక్కుతుందనుకుంది పళ్ళమ్మాయి. నిజం చెప్పి మరీ పోగొట్టుకుంటోంది. తన పని మానేస్తానంది. క్లినిక్‌కి వెళ్ళనంది. ముందు గది ఖాళీ చేసేస్తానంది. ఏం అంటోందో తనకే తెలీకుండా అంటూనే ఉంది. ఆవిడ వింటోంది గానీ, అప్పటికే మనసులో కారెక్కి కూర్చుంది.

అప్పుడు అత్తగారు నెమ్మదిగా అన్నారు.

"పిల్లని వద్దు. నన్ను తీసుకెళ్ళు."

కూతురు తల్లి వైపు చూసింది.

"నా నడుం కోసమేగా పలక ఎత్తాడు. నా పరువు కోసమేగా చెప్పకుండా ఉన్నారు. నేను లేకపోతే వాళ్ళ పిల్లని వాళ్ళు చూసుకుంటారు. నన్ను తీసుకెళ్ళవే. నీ ఇంట్లో ఏ మూల పడి ఉండమంటే ఆ మూల ఉంటాను."

ఆడపడుచు పిల్ల కాలి మేజోడు జారకపోయినా పైకి లాగింది. రెండో కాలిది కూడా లాగింది. లారీల కింద నుజ్జయిన బండ్లు చూసి కూడా చలించని మనిషికి తల్లి మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. కిందటిసారి ఆవిడ కూతురింట్లో ఉన్నప్పుడు అల్లుడికీ అత్తగారికీ మాటామాటా పెరిగి, ఇప్పటికీ వాళ్ళిద్దరికీ పలకరింపుల్లేవు. అది ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ ఊసెత్తరు. రాత్రికి రాత్రే ఫోన్లో పసిపిల్లకి గది సిద్ధం చేయించి, ఆయాని మాట్లాడి, ఊయల తెప్పించిన మనిషి దగ్గర తల్లికి మాత్రం ఒక మూల లేదు.

కూతురి మౌనంలో ఆ సంగతి అందరికీ వినపడింది. తల్లికి అందరికన్నా ముందు వినపడింది. ఆవిడ గోడ పట్టుకున్నారు.

నిన్నటిదాకా అయితే, అత్తగారు వెళ్ళిపోతానంటే పళ్ళమ్మాయి లోలోపల సంతోషించేదేమో. ఇప్పుడు ఆవిణ్ణి అలా చూస్తూ నిలబడలేకపోయింది. వెళ్ళి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు అత్తయ్యా" అంది. "పిల్ల కూడా ఎక్కడికీ వెళ్ళదు. వదినా, నా పిల్లని నాకివ్వండి. పడినా లేచినా నా దగ్గరే."

ఆడపడుచు ఊపిరి పీల్చుకుంది. తల్లికి చెప్పాల్సిన జవాబు తప్పిపోయినందుకు ఆవిడ మొహంలో ఎక్కడో చిన్న తేలిక కనపడింది. మరదలికి జవాబు చెప్పకుండా తమ్ముడి వైపు తిరిగింది.

"నీ ఇల్లు. నీ పిల్ల. ఇంతసేపట్నుంచీ స్తంభంలా నిలబడ్డావు. ఎవరు వెళ్ళాలో ఎవరు ఉండాలో నువ్వే చెప్పు. నువ్వేమంటే అదే."

అందరూ అతని వైపే చూశారు. పళ్ళమ్మాయి కళ్ళతోనే బతిమాలింది. జీవితంలో ఒక్కసారి, ఒక్క మాట. ఇంకేమీ అడగను మిమ్మల్ని.

అతను అక్కని చూశాడు. అమ్మని చూశాడు. పెళ్ళాన్ని చూడబోయి ఆగిపోయాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. ఎవరికీ కష్టం కలక్కుండా ఉండే మాట కోసం వెతుకుతున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఎప్పుడూ ఆ మాటే వెతుకుతాడు.

"ఇద్దర్నీ తీసుకెళ్ళక్కా" అన్నాడు. "అమ్మనీ, పాపనీ. ఇద్దర్నీ."

అత్తగారు తలెత్తి చూశారు. కొడుకు వైపు ఆవిడ అలా ఎప్పుడూ చూడలేదు.

పళ్ళమ్మాయి ఆవిణ్ణి వదిలి, ఆడపడుచు ముందుకి వెళ్ళి రెండు చేతులూ చాపింది. పిల్ల తల్లిని చూసి, ఉన్న ఒక్క చెయ్యీ చాపి ఇటు వంగింది. ఆడపడుచు పిల్ల నడుం చుట్టూ చెయ్యి ఇంకా గట్టిగా బిగించింది.